ఆదివారం ఎల్ఫ్

సరళకు అబద్ధం చెప్పడం రాదు. మెచ్చుకుంటున్న అనుకునేరు, కాదు. అబద్ధం చెప్పొచ్చినోళ్లు ఒక్కటి చెప్పి దులుపుకొని పోతరు. చెప్పరానోళ్లు నోరు మూసుకొని నిలవడతరు, ఎదుటోళ్లు తమకు తోచింది అనుకుంటరు, ఇగ ఆ అనుకున్నదాంట్ల వీళ్లు కాపురం ఉండాల్సొస్తది. సత్తుపల్లిల భారతమ్మ ఇంట్ల, మేడ మీది గదిల సరళ ఉంటున్నది గట్లనే.

పూర్తి పేరు బానోతు సరళ. టేకులపల్లి అవతల తారు రోడ్డు అయిపోయి అడవి మొదలయ్యే కాడ వాళ్ల తండా. తల్లి కాన్పుల పోయింది. తండ్రి ఇంకో పెళ్లి చేసుకొని ఏన్కూరు దిక్కు పోయిండు, పోయినోడు మళ్ల ఇటు చూడలే. నాయినమ్మ ద్వాలి పెంచింది. ద్వాలి ఇప్పటికీ అద్దాల రైకనే వేస్తది, చేతుల నిండ గాజులే, మాటకు ముందు నవ్వే. మనవరాలిని గురుకులంల చదివించి, ఖమ్మంల ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేయించింది. ఆ కోర్సు పేరు ద్వాలికి నోరు తిరగదు. "మా పిల్ల నెత్తురు సూసి రోగం చెప్తది" అని తండా మొత్తం చెప్పుకొన్నది.

సత్తుపల్లిల ప్రైవేటు దవాఖానల కొలువు దొరికింది. కొలువు దొరికినంత జల్దీ గది దొరకలే. మొదటి ఇంట్ల పేరు అడిగిన్రు, ఇంటిపేరుతోని చెప్పింది. "మా చెల్లెలు వస్తున్నదమ్మా, గది ఇయ్యం" అన్నరు. రెండో ఇంట్ల కూడా చెప్పింది. అక్కడ సున్నం వేస్తరంట, ఎప్పుడైతదో తెల్వదంట. మూడోది భారతమ్మ ఇల్లు. అప్పటికి ఎండల తిరిగి తిరిగి నాలుక పిడచకట్టింది. "బి. సరళ అండీ" అన్నది, అంతే.

భారతమ్మ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. ఆమె అత్తగారి వాళ్లు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నోళ్లు. మాటల ఇంకా ఆ యాస పోలే. "బి అంటే ఏంటమ్మాయ్? మధిర దగ్గర బండి ఇంటిపేరువాళ్లున్నారు, మా మరిదిగారి వియ్యంకులకి దగ్గరోళ్లు. ఆ బండివాళ్లేనా?"

సరళ నీళ్లు తాగుతున్నది. గ్లాసు నోటికాడ ఉన్నది. తల కదిలింది.

"నే అనుకున్నా. ముఖం చూస్తేనే తెలియట్లా!" అన్నది భారతమ్మ, తాళం చెవి తీసి చేతిల పెట్టింది.

అగో, గట్ల పడ్డది. కాదని ఆ సాయంత్రమే చెప్పొచ్చు గదా అంటరు. నేనూ అదే అంటున్న. కానీ ఆ సాయంత్రం భారతమ్మ గిన్నెల పప్పుచారు పంపింది. తెల్లారి పరుపు వేయించింది. జ్వరం వస్తే పక్కన కూర్చొని తడిగుడ్డ వేసింది, తలకు నూనె పెట్టి జడ వేసింది. "మా ఇంటి పిల్లే" అని వచ్చినోళ్లకల్లా చెప్పింది. తిట్టి తలుపు వేసేటోళ్ల ఇంట్ల నుంచి బయటికి రావచ్చు. గిట్ల ముద్దలు కలిపి పెట్టేటామె ఇంట్ల నుంచి ఎట్ల బయటికి వస్తవు చెప్పు. దవాఖానల అందరికీ సరళ ఎవలో తెలుసు, ఒక్కలూ పట్టించుకోరు. గేటు దాటి ఈ ఇంట్లకు వస్తేనే ఐడీ కార్డు తిప్పి సంచిల వేసుకుంటది. "వచ్చిన" అనే నోటితోని "వచ్చానండీ" అంటది.

ద్వాలి ఫోన్ చేస్తే ఇంకా తిప్పలు. గోడలు పలుచన. కింద భారతమ్మ చెవులు పాము చెవులు. అందుకని సరళ నాయినమ్మతోని కూడా తెలుగులనే మాట్లాడుతది. "బాగున్నావా నానమ్మా? అన్నం తిన్నావా?" ఒకనాడు ద్వాలి అననే అన్నది, తమ భాషల. "ఏందే, నాతోటి బస్సు కండక్టరు లెక్క మాట్లాడుతున్నవ్? నా మాటలు మర్సినవా?" "సిగ్నల్ సరిగా లేదు నానమ్మా" అన్నది సరళ. చూసిన్రా, అబద్ధం చెప్పడం కూడా నేర్చుకుంటున్నది పాపం.

ఇగ ఎల్ఫ్ సంగతి.

భారతమ్మ కూతురి కూతురు లిఖిత. సాఫ్ట్‌వేర్ పిల్ల, హైదరాబాదుల పుట్టి పెరిగింది. ఇంటి నుంచి పనిచేసే కొలువు, అమ్మమ్మ వంట రుచి మరిగి సత్తుపల్లిల మకాం వేసింది. హైదరాబాదుల దోస్తుల దగ్గర ఒక ఆట నేర్చుకొని వచ్చింది. బోర్డు ఉండదు, ఫోన్ ఉండదు. ఒకలు కథ చెప్తరు, మిగిలినోళ్లు ఆ కథల ఒక్కొక్క మనిషై ఏం చేస్తరో చెప్తరు. కొట్టినమా తప్పిందా అన్న అనుమానం వస్తే ఇరవై ముఖాల పాచిక వేసి చూస్తరు. కథ నడిపేది లిఖిత. ఆడేటోళ్లు ముగ్గురు. ఆమె బావ అనిల్‌కుమార్, విజయవాడల చదివి వచ్చిండు, ఎప్పుడూ గొడ్డలి పట్టుకున్న పొట్టి వీరుడే అయితడు. పక్కింటి కోడలు పద్మప్రియ, భీమవరం పిల్ల, గాయాలు మాన్పే పూజారిణి. మూడో మనిషి దొరకక మేడ మీద కిరాయికున్న సరళక్కను లాక్కొచ్చిన్రు.

"నువ్వు ఎల్ఫ్ అవ్వక్కా" అన్నది లిఖిత.

"అంటే ఏంటి?"

పొడుగ్గ, సన్నగ, చెవులు మొనతేలి ఉంటరంట. ఏడువందల ఏండ్లు బతుకుతరంట. అందరి లెక్క నిద్రపోరు, కండ్లు తెరుచుకొని కూర్చొని పాత సంగతులు నెమరేసుకుంటరంట. అదే వాళ్ల నిద్ర. రాత్రిళ్లు సరళ చేసేదీ అదే. ఎల్ఫులల్ల మళ్ల తెగలున్నయంట. తెల్లరాయి బురుజులల్ల ఉండే చదువుల ఎల్ఫులు ఒకలు, అడవుల ఎల్ఫులు ఒకలు, భూమి కింద చీకట్ల బతికేటోళ్లు ఒకలు. "నీ ఎల్ఫ్ ఏ తెగో, ఎవరు పెంచారో, వాళ్ల ఆచారాలేంటో, భాషేంటో నువ్వే కట్టాలి" అన్నది లిఖిత. "నీ ఇష్టం. ఏదైనా పర్లేదు."

ఏదైనా పర్లేదు! ఆ ఇంట్ల ఆ మాట సరళకు ఎవలూ చెప్పలే అప్పటిదాక.

అనిల్ తన పొట్టి వీరుడి గురించి చెప్పింది రెండు ముక్కలు. నాయిన కమ్మరి, తాగుతడు. సరళ మొదలు పెడితే ఆపలే. మా ఎల్ఫులు బురుజులల్ల ఉండరు, అడవిల ఉండరు. నడుస్తరు. వేల ఎద్దుల మీద ఉప్పు బస్తాలు, ధాన్యం వేసుకొని రాజ్యం నుంచి రాజ్యానికి నడుస్తరు. పిల్లలు నడకల పుడతరు. ఎండకు మెరిసేటట్టు బట్టల మీద అద్దాలు కుట్టుకుంటరు, దూరం నుంచి మనోళ్లు వస్తున్నరని గుర్తువట్టనీకి. ఒకనాడు రైలు లాంటిది ఏదో వచ్చింది, ఉప్పు దాంట్ల పోవట్టింది, ఎద్దులు అమ్ముకున్నరు, ఎక్కడోళ్లు అక్కడ అడవి అంచుల ఆగిపోయిన్రు. ఆగిపోయినోళ్లను అడవోళ్లు అని పిలుస్తున్నరు గానీ వాళ్లకు అడవి తెల్వదు, వాళ్లకు తెలిసింది తొవ్వ.

పద్మప్రియ చెంపకు చెయ్యి పెట్టుకొని విన్నది. "ఎంత బాగా అల్లావమ్మా" అన్నది.

భాష కాడికి వచ్చేసరికి సరళ జాగ్రత్త పడ్డది. నీళ్లు, రొట్టె అసొంటి మాటలు హిందీకి దగ్గరగుంటయి, పట్టేస్తరు. అవి పక్కన పెట్టింది. మిగిలినయి వాడింది. తల్లిని, తల్లి లెక్క పెంచినామెను "యాడీ" అన్నది. ఆమె ఎల్ఫ్ పేరు మీరాల్. మీరాల్ కోపమొస్తే తిట్టేది, దెబ్బ తగిలితే మూలిగేది, పాచిక మంచిగ పడితే దేవుళ్లకు మొక్కేది, అంతా ద్వాలి మాటలే. వారమంతా ఇంట్ల గొంతు నొక్కిపెట్టుకున్న పిల్ల ఆదివారం మధ్యాహ్నం తలుపులు బిగించుకొని తన భాషల ఎలుగెత్తి అరిచేది. తీసుకో ఎంత కావాలంటే అంత! ఎవలూ ఏమీ అనరు. పైగా చప్పట్లు కొడతరు.

ఒక ఆదివారం భారతమ్మ వడలు పట్టుకొని మెట్లెక్కి వచ్చి గుమ్మంల ఆగింది. "ఏంటే లిఖితా, లంబాడీ మాటల్లా వినపడుతున్నాయి? కల్లంలో కూలీలు మాట్లాడుకున్నట్టుంది."

సరళ పాచికను పిడికిట్ల దాచింది.

"అయ్యో అమ్మమ్మా, అది ఎల్ఫుల భాష! సరళక్క కనిపెట్టింది" అని పకపక నవ్వింది లిఖిత.

"ఏమోనమ్మా, మీ ఆటలు మీరూ" అని వడలు పెట్టి పోయింది. ఆ పూట సరళ వడ ముట్టలే. చిక్కు ఏడుందో అప్పుడు పూర్తిగ అర్థమైంది ఆమెకు. ఇన్నాళ్లు దాచింది ఒక్కటే, ఇంటిపేరు. ఇప్పుడు తన భాషను అందరి ముందు బయట పెట్టి మరీ దాస్తున్నది. ఆట మానేస్తే ఇంట్ల ఊపిరాడదు. ఆడితే ఏదో ఒకనాడు దొరుకుతది. మానలే.

ఒకసారి లిఖిత అడిగింది, "అక్కా, మీ ఎల్ఫులు వందేళ్లు దూరమై కలిస్తే ఏం చేస్తారు? షేక్‌హ్యాండా?"

"ఏడుస్తరు" అన్నది సరళ, యాస మర్చిపోయి.

"ఏడుస్తారా?"

"ఆడోళ్లు. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకొని పాటగ ఏడుస్తరు. పెద్దామె మొదలు పెడతది. నువ్వు లేనప్పుడు ఎవరు పోయిన్రు, ఏ ఆవు ఈనింది, ఇల్లెట్ల కురిసింది, అంతా అండ్లనే చెప్తది. చెప్పి ఊపిరి తీసుకోనీకి ఆగుతది. ఆగిన కాడ చిన్నామె అందుకోవాలె. నేనొచ్చిన యాడీ, నేను నీదాన్నే, అని."

"అందుకోకపోతే?"

సరళ పాచిక కింద పెట్టింది. "అందుకోకపోతే, నేను నీదాన్ని కాదు అన్నట్టు. అంతకంటే పెద్ద మాట మా దాంట్లో లేదు."

ముగ్గురికీ తెగ నచ్చింది. అనిల్ లేచి ఒక కుర్చీని పట్టుకొని హూ హూ అని ఏడ్చి చూపించిండు. ఆ వారమంతా మెట్ల మీద పద్మప్రియ ఎదురైతే లిఖిత ఆమె భుజం మీద పడి రాగం తీసుడు, ఇద్దరూ పడి పడి నవ్వుడు. సరళ కూడా నవ్వింది. నవ్వి, బాత్‌రూంల నల్లా తిప్పి, ఆ చప్పుడుల ఏడ్చింది. ద్వాలిని చూడక ఎన్నో నెలలైంది. తండాకు పోతే ఏడ పోయినవని భారతమ్మ అడుగుతది, మధిర బండివాళ్ల కతలు అడుగుతది. ఆ భయానికి పోవుడే మానేసింది.

మిరపకాయ కోతలు మొదలైనయి. సత్తుపల్లి చుట్టుపక్కల ఎటు చూసినా ఎరుపే. ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగ్ చేసినప్పుడల్లా కిటికీల అద్దాలు గజగజమంటయి, కల్లంల ఎండే మిరపకాయల మీద బొగ్గు దుమ్ము పడుతదని భారతమ్మ మొత్తుకుంటది. ఈ ఏడు ఆమెకు ఇంకో దిగులు. కూలీలు లేరు. "కాయ చెట్టునే పండి రాలిపోతుంది సరళా. ఏ ముఠానీ అడిగినా ఖాళీ లేదంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదమ్మా" అని కండ్లొత్తుకున్నది.

ఆ కండ్లు చూసి సరళ ఆగలేకపోయింది. రక్తపరీక్షకు వచ్చినప్పుడు ముఠా మేస్త్రీ హరిలాల్ నంబరు రాసుకొని ఉన్నది. హరిలాల్‌ది సరళ వాళ్లకు వాగు అవతలి తండా. ఆ తండాకు, వీళ్ల తండాకు ఎప్పటిదో పొలం గెట్టు పంచాయితీ, ఒకరి ముఠాల ఒకరు పోరు. తమోళ్లెవలూ రారు, ఫికర్ లేదనుకున్నది. "మా పేషెంటు అమ్మమ్మగారూ" అని నంబరు ఇచ్చింది. భారతమ్మ ఆమె బుగ్గలు పుణికి ముద్దు పెట్టుకున్నది.

ముఠా వచ్చి చేల కోసింది, కల్లంల ఎండబోసింది. కల్లం ఇంటి వెనకనే. శనివారం ద్వాలి ఫోన్ చేసింది. గొంతుల సంబురం. "రేపు సత్తుపల్లి వస్తున్ననే! హరిలాల్ ఆటోల ఇంకో మనిషి పడుతదంట. తొడిమెలు తీసే పనికి ముసలోళ్లైనా నడుస్తదన్నడు. పంచాయితీ లేదు, పాడు లేదు, నా మనవరాలిని చూడాలె, ఎక్కించుకో అన్న."

"ఎవరి కల్లం నానమ్మా?" అన్నది సరళ.

"ఎవలో భారతమ్మంట. నీ దవాఖానకు దగ్గరేనంట గదా?" మనవరాలు ఉండేది ఆ ఇంట్లనేనని ద్వాలికి తెల్వదు.

రావొద్దని చెప్పాలె. చెప్పాలంటే ఎందుకో చెప్పాలె. కింద భారతమ్మ పప్పు రుబ్బుతున్నది, ఆ చప్పుడు ఆగింది, వింటున్నదేమో. "సరే నానమ్మా" అని పెట్టేసింది. తెల్లారి మళ్ల చేసింది, ద్వాలి ఆటోల ఉన్నది, గాలికి ఒక్క మాట వినవడలే. ఆదివారం డ్యూటీ ఉన్నదని బయటికి పోదామనుకున్నది. పోలే. ఎందుకు పోలేదో కూడా చెప్త. కిటికీల నుంచి ఒక్కసారి నాయినమ్మను చూడాలె. కనవడొద్దు, చూడాలె. అంతే ఆశ.

మధ్యాహ్నం ముగ్గురూ వచ్చి చాప మీద కూర్చున్నరు. ఆ రోజు కథల మీరాల్ వందేండ్ల తర్వాత తన బిడారును కలవాలె. లిఖిత వారం నుంచి దాన్నే తలుచుకుంటున్నది. పాచికలు తీస్తుంటే కింద నుంచి భారతమ్మ కేక.

"సరళా! త్వరగా రా తల్లీ! ఒక ముసలామెకి కళ్లు తిరిగాయి, పడిపోయింది. ఆ బీపీ మిషన్ పట్టుకురా!"

ఏ ముసలామె అని సరళ అడగలే, ఆమెకు తెలుసు. మిషన్ తీసుకొని మెట్లు దిగింది. వెనక లిఖిత, అనిల్, పద్మప్రియ దిగి అరుగు మీద ఆగిన్రు.

కల్లంల మిరపకాయల ఘాటుకు అందరికీ దగ్గే. ఎర్రటి కుప్పల మధ్య ఆడోళ్లు చుట్టూ చేరిన్రు. నడుమల నీడకు పండుకోబెట్టిన్రు ద్వాలిని. అద్దాల రైక, చెంపల మీద చెమట, కండ్లు మూసి ఉన్నయి. సరళ మోకాళ్ల మీద కూర్చొని గాజులు పైకి జరిపి పట్టీ చుట్టింది. ఆ చెయ్యి పట్టుకొని బడికి పోయింది చిన్నప్పుడు. మిషన్ ముల్లు కిందికి దిగుతుంటే చూసింది, బీపీ తక్కువున్నది, అంతే, ప్రాణానికి భయం లేదు. "నీళ్లు తాగించండి, ఏం కాదు" అన్నది, అచ్చం మధిర అమ్మాయి లెక్క.

ఆ గొంతుకు ద్వాలి కండ్లు తెరిచింది.

చూసింది. లేచింది. ఎట్ల లేచిందో, ఇప్పుడే పడిపోయిన మనిషి. సరళ మెడ చుట్టూ రెండు చేతులు వేసి, భుజం మీద తల వాల్చి, తమ భాషల రాగం ఎత్తుకున్నది.

నువ్వు లేని యాడాది వాన ఇంట్ల కురిసింది బిడ్డా. ఎర్ర మేక ఈని సచ్చిపోయింది, పిల్లకు నేనే పాలు పోసిన బిడ్డా. మన తండా పెద్దాయన పగిడయ్య పోయిండు, నిన్ను అడిగి పోయిండు. నీ ఫోన్ వస్తది, నీ మాట రాదు. నా మాట నీ నోట్ల ఎండిపోయిందా బిడ్డా. ఎవలతోని ఏడ్వను, ఎవల భుజం మీద ఏడ్వను.

పాడి, ఊపిరి తీసుకోనీకి ఆగింది.

అరుగు మీద నుంచి లిఖిత అరిచింది. "అక్కా! ఇది మన ఎల్ఫుల ఏడుపు! బావా చూడు, అచ్చం అదే!" అనిల్ ఫోన్ తీసి వీడియో పట్టిండు. భారతమ్మ పరుగున వచ్చింది. "ఏంటమ్మా ఆ పట్టుకోవడం? మీద పడిపోతావేంటి? అమ్మాయిని వదులు!"

జవాబు సరళ నోట్లనే ఉన్నది. నేనొచ్చిన యాడీ, నేను నీదాన్నే. ఎన్ని రాత్రులు మేడ మీద లోలోపల పాడుకున్నది ఆ మాట! పెదవి కదిలింది. భారతమ్మ ముఖం చూసింది. ఆ ముఖంల ఇంకా ప్రేమే ఉన్నది, ఈమె కోసమే కంగారు పడుతున్నది. పెదవి మూతపడ్డది.

ద్వాలి ఇంకోసారి ఎత్తుకున్నది, మెల్లగ, పిల్ల మర్చిపోయిందేమో గుర్తు చేద్దామన్నట్టు. మళ్ల ఆగింది. కల్లంల ఆడోళ్లందరి చేతులు ఆగినయి. ఆ సందు ఎంత పెద్దదో ఆ ఆడోళ్లకు తెలుసు, భారతమ్మకు, ఆ ముగ్గురికీ తెల్వదు.

సరళ కట్టె లెక్క ఉండిపోయింది.

ద్వాలి చేతులు తీసింది. మనవరాలి ముఖం చూసింది. మేడ చూసింది, భారతమ్మను చూసింది, ఫోన్ పట్టుకున్న పిల్లగాడిని చూసింది. ముసల్ది పిచ్చిది కాదు. కొంగుతోని కండ్లు తుడుచుకొని, వచ్చీరాని తెలుగుల అన్నది. "మాఫ్ చెయ్యమ్మా. కండ్లు తిరిగినయ్ గద, మనిషిని గుర్తువట్టలే. మా మనవరాలనుకున్న."

భారతమ్మ కరిగిపోయింది. "పాపం! ఎక్కడుంటుందే నీ మనవరాలు?"

"హాస్టల్ల ఉంటదమ్మా. పెద్ద కొలువు. మస్తు మంచి పిల్ల."

"చల్లగా ఉంటుందిలే" అని భారతమ్మ చెంబు వంచి, పై నుంచి దోసిట్ల నీళ్లు పోసింది. ద్వాలి తాగింది. "సరళా, నువ్వు పోయి స్నానం చెయ్యి తల్లీ. ఒళ్లంతా పట్టేసుకుంది, మిరప ఘాటు మంట పుడుతుంది."

సరళ స్నానం చేయలే. మెట్లెక్కి వచ్చి చాప మీద కూర్చున్నది. లిఖితకు కాలు నిలవట్లే. "అంటే అక్కా, నువ్వు ఇదంతా వాళ్ల దగ్గర నుంచి తీసుకున్నావా? పేషెంట్ల దగ్గర వింటూ వింటూ? ఎంత రీసెర్చ్ చేశావు తల్లీ!"

"ఆఁ" అన్నది సరళ. "పేషెంట్ల దగ్గర."

"భాష కూడానా? అమ్మమ్మ కనిపెట్టేసింది చూశావా!" అని ముగ్గురూ నవ్విన్రు. ఒక్కలకు కూడా అసలు సంగతి తోచలే. తోస్తదని ఇన్నాళ్లు భయపడ్డది సరళ. తోచదని ఇప్పుడు తెలిసింది. వాళ్ల బుర్రల ఆ తలుపే లేదు. అది చూసి ఆమెకు ఊపిరి అందాల్సింది పోయి ఇంకా బిగుసుకున్నది.

లిఖిత కథ ఎత్తుకున్నది. గొంతు మార్చి, దీపం వెలుగుల చెప్తున్నట్టు చెప్పింది. "వంద సంవత్సరాల తర్వాత, మీరాల్, నీ బిడారు కనిపించింది. ఎద్దుల గంటలు వినపడుతున్నాయి. ముందు మీ నాయనమ్మ. నిన్ను గుర్తుపట్టింది. భుజం మీద తల పెట్టింది, ఏడ్చింది, ఇప్పుడే ఆగింది. మీరాల్ ఏం చేస్తుంది?"

కిటికీ తెరిచే ఉన్నది. కింద తొడిమెలు తుంపుతున్న చప్పుడు.

సరళ నోరు తెరిచింది. ఇందాక ఏది ఆపిందో అది తెగింది. నేనొచ్చిన యాడీ, అని ఎత్తుకున్నది, ఇల్లు మారుమోగేటట్టు. నేను నీదాన్నే యాడీ. నా నోట్ల నీ మాట ఎండలే, గొంతుల కుక్కుకున్న. నీ మేక సచ్చిననాడు నేను లేను, నీ ఇల్లు కురిసిననాడు నేను లేను, నీ పక్కన ఉండి నీ ముఖం చూసి కూడా నేను లేను. తిట్టు యాడీ, కొట్టు, నీదాన్ని కాదని మాత్రం అనకు. కండ్లల్ల నుంచి నీళ్లు ధారలు కారుతున్నయి. తుడుచుకోలే. కిటికీ దిక్కే పాడింది, చివరి మాట దాక.

అనిల్ నోరు తెరుచుకొని కూర్చున్నడు. పద్మప్రియ కండ్లు తుడుచుకున్నది. "బాబోయ్, నిజంగా ఏడిపించేశావమ్మా" అని చప్పట్లు కొట్టింది. మిగిలిన ఇద్దరూ కొట్టిన్రు.

కింద తుంపుడు ఆగిపోయింది. కల్లంల ఆడోళ్లంతా తలలెత్తి కిటికీ దిక్కు చూస్తున్నరు. వాళ్లకు ప్రతి మాటా అర్థమైంది. ద్వాలి ఒక్కతే తల ఎత్తలే. ఒళ్లో మిరపకాయలు పోసుకొని, ఒక్కొక్కటి తీసి తొడిమె తుంపి కుప్పల వేస్తున్నది. పక్కదానితోని అన్నట్టు, పైకి కూడా వినవడేటట్టు, తమ భాషల అన్నది.

"ఎవలి పిల్లనో. మంచిగ పాడుతున్నది."

లిఖిత కిటికీల నుంచి తొంగిచూసింది. "ఏమంటుందక్కా ఆవిడ? నీకు వాళ్ల భాష వచ్చు కదా?"

సరళ పాచిక చేతిలకు తీసుకున్నది.

"తెలియదు" అన్నది.